కమాన్ కట్టలూ, అమ్మ నడుమూ

పోయినేడాది వేసవిలో అమ్మని తీసుకుని మా తమ్ముడి దగ్గరికి అమెరికా వెళ్ళాను. వాడు అప్పటికే ఒక పాత మోటర్‌హోమ్ కొని పెట్టుకున్నాడు. మన సినిమావాళ్ళ షూటింగుల్లో కనపడే క్యారవాన్ లాంటిదే, కాకపోతే ఇది సంసారులది. ముందు డ్రైవరు సీటు, మధ్యలో పొయ్యి, సింకు, భోజనాల బల్ల, చిట్టచివర మంచం. అమ్మకి 71 ఏళ్ళు. కారులో గంటలకొద్దీ కాళ్ళు ముడుచుకుని కూర్చోలేదు. ఆవిడ కోసమే దీన్ని కొన్నానని తమ్ముడు ఒకటికి పదిసార్లు చెప్పాడు. మంచం ఉంది కదా, హాయిగా పడుకుని వస్తుందని అందరం అనుకున్నాం.

మొదటిరోజు ఆరు గంటల ప్రయాణం. దారిలో రెండుసార్లు "ఎలా ఉందమ్మా?" అని అడిగితే "బానే ఉందిరా, నువ్వు రోడ్డు చూసి నడుపు" అంది. దిగేటప్పుడు మెట్టు మీద కాలు పెట్టలేకపోయింది. రాత్రి మా మరదలు నడుముకి మందు రాస్తుంటే మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. "లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా ఇల్లంతా పక్కకి ఒరుగుతోందే. గతుకు వస్తే మంచం నన్ను ఎగరేస్తోంది. ఇంకోసారి నన్ను ఇందులో ఎక్కించకండి. మీరు వెళ్ళిరండి, నేను ఇంటిపట్టున ఉంటాను."

ఎవరి కోసం కొన్నామో ఆవిడే ఎక్కనంటే ఇక ఆ బండి ఎందుకు? మర్నాడే వెనక్కి వచ్చేశాం. తమ్ముడు రెండు వారాలు మెకానిక్కు చుట్టూ తిరిగాడు. నాకు మాత్రం ఒక ప్రశ్న పట్టుకుంది. ముందు కూర్చున్న తమ్ముడికి పెద్దగా తెలియని కుదుపు వెనక పడుకున్న అమ్మకి అంతగా ఎందుకు తెలిసింది? చదివింది తెలుగు బి.ఏ. అయినా, దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే ఇది ఇనుము కథ కన్నా ఇళ్ళ కథలాగే కనిపించింది.

మాటతో మొదలుపెడతాను, అది నా అలవాటు. మన ఊళ్ళలో బస్సు ఆగిపోతే "కమాన్ కట్టలు విరిగాయట" అంటారు చూడండి, ఆ కమాను పారసీ మాట. విల్లు అని అర్థం. విల్లులా వంగిన ఉక్కు పట్టీల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టగా బిగిస్తారు కాబట్టి కమాన్ కట్ట. బరువు పడితే విల్లు వంగుతుంది, బరువు తీస్తే తిరిగి లేస్తుంది. బండికీ చక్రానికీ మధ్య ఇలాంటి వంగే గుణం ఉన్నదేదో ఒకటి పెట్టడమే సస్పెన్షన్. మిగతా చరిత్రంతా ఆ ఒక్క ఆలోచనకి వచ్చిన దిద్దుబాట్లే.

మన రెండెడ్ల బండికి ఆ కమాను లేదు. ఇరుసు మీదే బండి కూర్చుంటుంది. చక్రం రాయి ఎక్కితే ఆ దెబ్బ నేరుగా మనిషి వెన్నుకి తగులుతుంది. అమ్మ కడుపులో ఉన్నప్పుడు మా అమ్మమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది గూడు బండిలోనేనట. తాతయ్య బండిలో మోకాలెత్తు వరిగడ్డి పరిపించి, దాని మీద బొంత, బొంత మీద జంపఖానా వేయించి ఎక్కించారట. ఆ గడ్డే ఆ రోజుల్లో సస్పెన్షన్. ఇంకా కలిగిన వాళ్ళకి పల్లకీ ఉండేది. అందులో స్ప్రింగులు బోయీల మోకాళ్ళూ, భుజాలూను. ఒకరి సుఖం కోసం నలుగురి ఒళ్ళు హూనం కావాలి. యంత్రం వచ్చి ఆ భుజాల్ని తప్పించింది, అంతవరకు దానికి దణ్ణం పెట్టాల్సిందే.

యూరప్‌లో కూడా చాలాకాలం ఇంతే. కోచి అనే మాట హంగరీలోని కోచ్ అనే ఊరి పేరు నుంచి వచ్చింది. 15వ శతాబ్దంలో అక్కడి బళ్ళు అంత పేరుపడ్డాయి. తరవాతి కాలపు కోచిల్లో బండి పెట్టెను తోలు పట్టీలతో ఉయ్యాలలా వేలాడదీసేవారు. దెబ్బ తగ్గింది కానీ ఊపు పెరిగింది. సముద్రం మీద పడవలో తిరిగినట్టు కడుపులో తిప్పేది. ఇక్కడే నాకు ఒక సంగతి అర్థమైంది. కుదుపూ, ఊపూ రెండు వేరు వేరు జబ్బులు. ఒకదానికి మందు వేస్తే రెండోది ముదిరే ప్రమాదం ఉంది. ఆ రెంటి మధ్య బేరమే ఈ రెండు వందల ఏళ్ళ కథ.

1804లో లండన్‌లో ఒబడయా ఎలియట్ అనే బళ్ళ తయారీదారు కొత్తరకం కమానుకి పేటెంటు తీసుకున్నాడు. రెండు విళ్ళని ఎదురెదురుగా పెట్టి చివరలు కలిపితే కోడిగుడ్డు ఆకారం వస్తుంది కదా, అలా చేసి నేరుగా ఇరుసు మీద పెట్టాడు. అంతకు ముందు కోచి కింద ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ కలుపుతూ ఒక పెద్ద దూలం ఉండేది. ఎలియట్ పద్ధతిలో ఆ దూలం అక్కర్లేకపోయింది. బండి తేలికైంది, నేలకి దగ్గరైంది, ఎక్కడం దిగడం సులువైంది. మరో పదిహేను ఇరవై ఏళ్ళకి మెకాడం కంకర రోడ్లు కూడా వచ్చాయి. మంచి కమాను, మంచి రోడ్డు, ఈ రెండూ జోడు కుదిరాక ప్రయాణం అంటే భయం తగ్గింది. మన పట్నాల్లో తిరిగిన జట్కా బళ్ళకి కూడా ఈ కమానులే. ఆ జట్కా అన్న పేరులోనే కుదుపు వినిపిస్తుంది, అది వేరే సంగతి.

బండి మీద ఇల్లు కట్టుకుని తిరగడం ఎవరి ఆలోచన? ఇంగ్లండులో 19వ శతాబ్దం నడుమ నుంచి రోమానీ కుటుంబాలు గుర్రాలు లాగే చెక్క ఇళ్ళలో కాపురం చేశాయి. ఆ బండిని వాళ్ళు వార్డో అంటారు. ఈ రోమానీల భాష మూలాలు మన దేశంలోవే, నీళ్ళని ఇప్పటికీ పానీ అనే అంటారు. పొయ్యి, అలమర, మంచం అన్నీ అందులోనే. గుర్రం నడిచే వేగమే బండి వేగం కాబట్టి కుదుపు బాధ తక్కువ. అలమరలో పింగాణీ కప్పులు కూడా నిలిచేవంటే ఆ ఇంటి ఆడవాళ్ళ సర్దుబాటు ఎంత నేర్పైనదో ఊహించుకోండి.

వాళ్ళని చూసి సరదాపడ్డ పెద్దమనిషి విలియం గార్డన్ స్టేబుల్స్. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, పిల్లల సాహస కథలు రాసుకుంటూ ఉండేవాడు. 1885లో బ్రిస్టల్‌లోని ఒక బళ్ళ కర్మాగారంలో వాండరర్ అనే ఇంటి బండి చేయించుకుని, రెండు గుర్రాలు పూన్చి, దక్షిణ ఇంగ్లండు నుంచి స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా ప్రయాణించాడు. సామానుతో దాదాపు రెండు టన్నులు. ఒక సేవకుడు మూడు చక్రాల సైకిలు మీద ముందు వెళ్ళి మలుపుల్లో ఎదురు బళ్ళని హెచ్చరించేవాడు. మరుసటేడు ఆ యాత్ర మీద పుస్తకం రాశాడు. ఇల్లు కట్టుకుని సరదాకి ఊరేగడం అనే అలవాటుకి అది నాంది. రెండు టన్నుల ఇల్లు ఎత్తు ఎక్కాలన్నా, పల్లం దిగాలన్నా ఎంత కష్టమో కూడా లోకానికి తెలిసింది.

ఇక చక్రం సంగతి. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన చిన్న కొడుకు మూడు చక్రాల సైకిలుకి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. అంతకు 40 ఏళ్ళ ముందే రాబర్ట్ విలియం థామ్సన్ అదే ఆలోచనకి పేటెంటు తీసుకున్నా అప్పట్లో అది సాగలేదు. కొడుకు సైకిలు కుదపకుండా ఉండాలని తండ్రి చేసిన పని లోకమంతటికీ టైరైంది. ఇవాళ్టికీ బండిలో మొదటి స్ప్రింగు టైరులోని గాలే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మా తమ్ముడి బండి దగ్గర మళ్ళీ వస్తుంది.

మోటార్లు వచ్చాక వేగం పెరిగింది, పాత జబ్బు కొత్తగా బయటపడింది. కమాను దెబ్బని మింగుతుంది, నిజమే. కానీ మింగింది ఊరికే ఉంచుకోదు, తిరిగి తోసేస్తుంది. ఉయ్యాలని ఒకసారి తోసి వదిలితే ఎంతసేపు ఊగుతుందో అలా బండి ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని పట్టి ఆపే చెయ్యి ఒకటి కావాలి. ఫ్రాన్సులో ట్రూఫో అనే ఆయన రాపిడితో ఊపుని ఆపే సాధనం చేశాడు. 20వ శతాబ్దం మొదట్లో ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ దాన్ని అమెరికాకి తెచ్చి అమ్మాడు. తరవాత నూనెతో పనిచేసేవి వచ్చాయి. సన్నటి రంధ్రంలోంచి చిక్కటి నూనెని తోస్తే తొందరగా పోదు కదా, ఆ నిదానమే కమాను ఊపుని తగ్గిస్తుంది. షాక్ అబ్జార్బర్ అన్న పేరు కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. షాక్‌ని మింగేది కమాను, కమాను ఊపుని మింగేది ఇది.

1910లో న్యూయార్క్‌లో పియర్స్ ఆరో కంపెనీ టూరింగ్ లాండో అనే కారుని ప్రదర్శనకి పెట్టింది. వెనక సీటు మంచంగా మారుతుంది, డ్రైవరు సీటు వెనక చేతులు కడుక్కునే తొట్టి, ఇంకా మరుగుదొడ్డి ఏర్పాటు కూడా. మోటారు ఇళ్ళ వరసలో దాన్ని మొదట్లో చెప్పుకుంటారు. కానీ కింద ఉన్నది అవే కమాన్ కట్టలు.

బరువు పెరిగి, ఎత్తు పెరిగిన కొద్దీ మలుపుల్లో బండి ఒరగడం పెద్ద సమస్యైంది. కమానుల్ని గట్టివి చేస్తే ఒరగదు, కానీ కుదుపుతుంది. మెత్తవి చేస్తే కుదపదు, కానీ ఒరుగుతుంది. ఈ ముడిని విప్పే ఉపాయానికి 1919లో కెనడాలోని ఫ్రెడెరిక్టన్ ఊరివాడు స్టీఫెన్ కోల్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ ఒక ఉక్కు కడ్డీ. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ కడ్డీ ఊరికే వాటితోపాటు లేస్తుంది, అడ్డు చెప్పదు. ఒక్క పక్కే లేస్తే మెలిపడి, వద్దు అని ఆపుతుంది. అంటే మెత్తదనాన్ని చెడగొట్టకుండా ఒరగడాన్ని మాత్రం తగ్గిస్తుంది. దాన్నే ఇప్పుడు యాంటీ రోల్ బార్ అంటున్నారు. ఇరుసు పక్కలకి జారకుండా బండికి కట్టే మరో కడ్డీకి ఫ్రాన్సులోని పనార్ కంపెనీ పేరు నిలిచిపోయింది. పెద్ద గాలి కొట్టినప్పుడు, లారీ దాటిపోయినప్పుడు మోటర్‌హోమ్‌ని నిలబెట్టేవి ముఖ్యంగా ఈ రెండు కడ్డీలే.

నాకు అన్నిటికన్నా నచ్చిన మనిషి మోరిస్ ఓలీ. ఇంగ్లండులో రోల్స్ రాయిస్‌లో హెన్రీ రాయిస్ దగ్గర పనిచేసి, 1930లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి కాడిలాక్ విభాగంలో చేరాడు. 1932లో ఆయన ఏడుగురు పట్టే కాడిలాక్ లిమోసిన్ ఒకటి తీసుకుని, దాని ముందుకీ వెనక్కీ బరువులు పెట్టే ఏర్పాటు చేశాడు. బరువుని అటూ ఇటూ జరుపుతూ, స్ప్రింగులు మారుస్తూ మళ్ళీ మళ్ళీ రోడ్డు మీద తిప్పాడు. ఏది సుఖం అన్నదానికి ప్రమాణం కొలత యంత్రం కాదు, లోపల కూర్చున్నవాళ్ళ అనుభవం. ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని అడుగుతూ వెళ్ళడమే.

అలా తేలిందేమిటంటే, ముందు స్ప్రింగులు వెనక వాటికన్నా మెత్తగా ఉండాలి. అప్పటిదాకా నడిచింది దానికి తిరగబడ్డ పద్ధతి. కారణం సులువే. గతుకు మీదకి ముందు చక్రాలు మొదట ఎక్కుతాయి, ఒక క్షణం తరవాత వెనకవి. ముందు భాగం నెమ్మదిగా ఊగి, వెనక భాగం కొంచెం త్వరగా ఊగితే, ఆలస్యంగా మొదలైన వెనక ఊపు ముందు దాన్ని అందుకుంటుంది. అప్పుడు బండి మొత్తం ఒక్కటిగా పైకీ కిందకీ కదులుతుంది. లేకపోతే పిల్లలు ఆడుకునే తూగుబల్లలా ముందు లేస్తే వెనక పడుతుంది. మనిషి ఒంటికి ఆ తూగుబల్ల ఊపే అసలు పడనిది. ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే పద్ధతి 1934 నాటి జనరల్ మోటార్స్ కార్లలో రావడంలో ఈ ప్రయోగాల పాత్ర పెద్దది.

అమ్మ మంచం ఎక్కడుందో ఇప్పుడు చూడండి. వెనక ఇరుసుకి కూడా అవతల, బండి చిట్టచివర. తూగుబల్ల కొసన కూర్చున్న పిల్లకే ఎక్కువ ఎగురు కదా. వెనక చక్రం నాలుగు వేళ్ళ ఎత్తు లేస్తే మంచం అంతకన్నా ఎక్కువ లేస్తుంది. తమ్ముడు అడిగినా అమ్మ చెప్పలేదు, చెప్పకపోతే వాడికి తెలిసే దారి లేదు.

మోటర్‌హోమ్ చరిత్రలో ఒక విచిత్రం ఉంది. 1950లలో మిషిగన్ రాష్ట్రంలోని బ్రౌన్ సిటీలో రే ఫ్రాంక్ అనే ఆయన తన కుటుంబం కోసం డాడ్జ్ ట్రక్కు చాసీ మీద ఇల్లు కట్టాడు. చూసినవాళ్ళు మాకూ కావాలంటే అది వ్యాపారమైంది. 1966లో అయోవా రాష్ట్రంలో విన్నెబాగో కంపెనీ మోటర్‌హోమ్‌లు మొదలుపెట్టి మధ్యతరగతికి అందించింది. అయితే వీటన్నిటి కిందా ఉన్నవి సామాను మోసే బళ్ళ కాళ్ళు. తరవాతి దశాబ్దాల్లో కూడా చాలా మోటర్‌హోమ్‌లకి ఆధారం రొట్టెలూ పార్సిళ్ళూ పంచే వ్యాన్ల చాసీలే. రొట్టెల వ్యాను పొద్దున్న నిండుగా వెళ్ళి సాయంత్రం ఖాళీగా వస్తుంది. రొట్టెకి నడుము నొప్పి లేదు. ఇల్లు అలా కాదు. ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, ఎత్తుగా ఉంటుంది, వెనక ఇరుసు దాటి చాలా దూరం సాగి ఉంటుంది. వ్యాను కాళ్ళ మీద ఇంటిని నిలబెట్టి, తరవాత స్ప్రింగులు మార్చుకోండి, కడ్డీలు వేసుకోండి అని కొన్నవాళ్ళకి వదిలేశారు. ఇంటి బండిని బాగుచేసుకోవడం అనే పనికి మూలం అక్కడుంది.

మన తెలుగువాళ్ళకి కూడా ఒక పేరున్న ఇంటి బండి ఉంది. 1982లో ఎన్.టి.రామారావు పార్టీ పెట్టి ఊరూరూ తిరిగిన చైతన్య రథం పాత షెవర్లె వ్యానుని మార్చి చేసిందే. నడిపింది ఆయన కొడుకు హరికృష్ణ. పడకా భోజనమూ ఆ బండి దగ్గరే. ఆనాటి మన రోడ్ల మీద అన్ని నెలలు అందులో తిరిగిన ఆ ఇద్దరి నడుముల గురించి ఎవరూ రాయలేదు కానీ, నాకిప్పుడు ఆ ఫొటోలు చూస్తే మొదట అదే గుర్తొస్తుంది.

ఇల్లుగానే ఆలోచించి కాళ్ళు కూడా కట్టిన బండి 1970లలో వచ్చింది. 1973 మోడలుగా జనరల్ మోటార్స్ తెచ్చిన జీఎంసీ మోటర్‌హోమ్. 23 అడుగులు, 26 అడుగులు, రెండు పొడవుల్లో చేశారు. ఇంజను ముందు చక్రాల్నే తిప్పుతుంది. ఆ ఏర్పాటు ఓల్డ్స్‌మొబీల్ టోరొనాడో అనే కారుది. అందువల్ల వెనక్కి పోయే ఇరుసు గొట్టం లేదు, ఇల్లు నేలకి అడుగుంపావు ఎత్తులో కూర్చుంది. వెనక ఒక్కో పక్క రెండేసి చిన్న చక్రాలు, ఒకదాని వెనక ఒకటి. ఆ రెండు చక్రాల చేతుల మధ్య ఒక గాలితిత్తి. ముందు చక్రం గతుకెక్కితే ఆ తోపు తిత్తి ద్వారా రెండో చక్రానికి కూడా పంచుకుంటుంది. ఒక్కడి మీద పడాల్సిన దెబ్బని ఇద్దరు పంచుకున్నట్టు. తిత్తిలో గాలి పెంచీ తగ్గించీ, ఆగినచోట ఇంటిని సమంగా నిలబెట్టుకోవచ్చు కూడా. మొదలైన ఏడాదే చమురు సంక్షోభం వచ్చిపడింది. 1978తో తయారీ ఆగిపోయింది, అప్పటికి సుమారు 13 వేలు తయారయ్యాయి. ఇన్నేళ్ళ తరవాత కూడా వాటిని బాగుచేయించుకుని తిప్పేవాళ్ళు ఉన్నారు.

గాలితిత్తి అన్నది నా సొంత మాట కాదు, కమ్మరి కొలిమి తిత్తినే తలుచుకున్నాను. రబ్బరు తిత్తిలో గాలి నింపి స్ప్రింగుగా వాడటం అమెరికా గ్రేహౌండ్ బస్సుల్లో 1950లలో స్థిరపడింది. మనకి అది 2001లో వోల్వో బస్సులతో బాగా పరిచయమైంది. గరుడ బస్సులో మొదటిసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు చేతిలో కాఫీ కప్పు ఒలకలేదని మా అత్తగారు నెల్లాళ్ళు చెప్పుకున్నారు. ఆ ఒలకని కాఫీ వెనక ఉన్నది తిత్తే. ఉక్కు కమాను ఎంత బరువుకి చేస్తే అంతే. తిత్తిలో గాలిని బరువుని బట్టి మార్చుకోవచ్చు.

ఇక మా బండి సంగతి. తమ్ముడు వెళ్ళింది ఒక పెద్దాయన దగ్గరికి. ఆయన స్పానరు ముట్టుకోకుండా, ముందు ఇంటిని నిండుగా సర్ది లారీల కాటా మీద తూయించుకు రమ్మన్నాడట. తూయిస్తే వెనక ఇరుసు హద్దుకి అంగుళం దూరంలో ఉంది, ముందు ఇరుసు తేలిపోతోంది. ముందు చక్రాల మీద బరువు లేకపోతే స్టీరింగుకి పట్టు ఉండదు. ఎందుకలా అని వెనక అరలు తెరిచి చూస్తే, అక్కడున్నది నా సర్దుడే. 20 పౌన్ల బియ్యం బస్తాలు రెండు, వెట్ గ్రైండరు, రెండు కుక్కర్లు, ఇనప పెనం, పచ్చడి జాడీలు. చేతికి అడ్డం రాకుండా ఉంటాయని మంచం కింద చివరికి నెట్టింది నేనే. దానికి తోడు 40 గాలన్ల నీళ్ళ ట్యాంకు కూడా వెనకే, నిండితే అదే 150 కిలోలు. అమ్మ నడుముకి తగిలిన దెబ్బలో కొంత వాటా నాది.

సిగ్గేసింది. ఎందుకంటే ఈ పాఠం మనకి కొత్తది కాదు. ఎద్దుల బండి తోలేవాళ్ళు ధాన్యం బస్తాలు ఎక్కించేటప్పుడే ముందుబరువు, వెనకబరువు చూసుకుంటారు. వెనకబరువైతే కాడి పైకి లేచి ఎద్దు మెడకి ఉరి పడుతుంది. ముందుబరువైతే మెడ నలుగుతుంది. ఓలీ లిమోసిన్‌కి బరువులు పెట్టి జరిపిందీ, మా తాతగారి పాలేరు బస్తా ఒక జానెడు ముందుకి జరిపిందీ ఒకే లెక్క.

బరువైనవన్నీ రెండు ఇరుసుల మధ్య, నేలకి దగ్గరగా ఉన్న అరల్లోకి మార్చాను. గ్రైండరు ఇంట్లోనే ఉండిపోయింది. నీళ్ళు దారిలో అవసరమైనంతే. తరవాత టైర్లు. గాలి ఎక్కువుంటే మంచిదని తమ్ముడు నింపగలిగినంతా నింపించాడు. టైరు రాయిలా తయారైంది. కాటాలో వచ్చిన బరువుకి టైరు కంపెనీ పట్టికలో ఎంత ఉందో చూసి అంతే ఉంచారు. దానికన్నా తగ్గించినా ప్రమాదమేనట, టైరు వేడెక్కి పగులుతుంది. ఈ రెంటికీ అయిన ఖర్చు కాటా రుసుము ఒక్కటే.

అప్పుడు గానీ పెద్దాయన బండి కిందకి దూరలేదు. షాక్ అబ్జార్బర్లు నాలుగూ నూనె కారుతున్నాయి, మార్చాడు. యాంటీ రోల్ బార్‌ని పట్టి ఉంచే రబ్బర్లు పొడి పొడి అయిపోయాయి, అంటే కడ్డీ ఉన్నా లేనట్టే. కొత్త రబ్బర్లు వేసి, వెనక ఇంకొంచెం లావు కడ్డీ బిగించాడు. ఇరుసు పక్కకి జారకుండా పనార్ కడ్డీ. వెనక కమాన్ కట్టలకి సాయంగా గాలితిత్తులు. చివర్లో చక్రాల అలైన్‌మెంట్. ఒక్కో పని కాగానే బండి తిప్పి చూసి, తేడా తెలిశాకే రెండోది. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదన్నాడట. తిత్తులు వేశాం కదా అని ఎక్కువ బరువు వేయొద్దనీ, చాసీ మోయగలిగింది చాసీ మీద రాసి ఉన్నంతేననీ రెండుసార్లు చెప్పి పంపాడు.

ఇంకో మార్పు మాత్రం మేమే చేశాం. నడిచే బండిలో మంచం మీద పడుకోవడమే తప్పు. గట్టిగా బ్రేకు పడితే పట్టుకునేది ఏమీ ఉండదు. భోజనాల బల్ల దగ్గర, రెండు ఇరుసుల మధ్య, బెల్టు ఉన్న సీటు అమ్మది చేశాం. మంచం బండి ఆగాకే.

అమ్మని ఒప్పించడానికి మూడు రోజులు పట్టింది. ముందు అరగంట, ఊరి చుట్టూ. నేను ఎదురుగా కూర్చుని ప్రతి గతుక్కీ ఆవిడ ముఖమే చూశాను. నోరు అబద్ధం చెప్తుంది కానీ కనుబొమలు చెప్పవు. ఒక వంతెన అతుకు దాటాక, "ఎలా ఉందో నిజం చెప్పమ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి, "కుదుపు వస్తోందే. కానీ వచ్చి పోతోంది. అప్పుడు వచ్చి ఇక్కడే ఉండేది" అంది. కమానూ షాక్ అబ్జార్బరూ చేసే పని గురించి నెల్లాళ్ళు చదివిన నేను అంత పొట్టిగా చెప్పలేకపోయేదాన్ని.

తరవాత నాలుగు రోజుల ప్రయాణం చేశాం. పగిలిన కాంక్రీటు రోడ్డు మీద ఇప్పటికీ గడగడే. రోజుకి మూడు గంటలు మించి నడపలేదు, ప్రతి గంటకీ ఆగాం. అమ్మ దిగి నాలుగడుగులు వేసి, తనంతట తనే మెట్టెక్కింది. తమ్ముడు ఇప్పుడు "ఎలా ఉంది" అని ఊరుకోవడం లేదు, "ఎక్కడ తగిలింది" అని అడుగుతున్నాడు. దానికైతే అమ్మ జవాబు చెప్తోంది.

మీ ఇళ్ళలో గూడు బండి ఎక్కిన పెద్దవాళ్ళు ఉంటే ఒకసారి అడగండి, గడ్డి ఎంత మందం వేసేవారో, బరువు ఎటు పెట్టేవారో. నాకు తెలిసింది తాతయ్య లెక్క ఒక్కటే.